లెమ్యూల్ గారి కారు పందిరికి గోడ లేదు

లెమ్యూల్ గాట్లిన్‌కి ఉన్న చాదస్తం ఒక్కటే. దేన్నీ దాని పేరుతో పిలవనివ్వడు. మనం ఒక పేరు పెట్టి పిలిచామో లేదో, "అది కాదు" అంటాడు. ఆ ఒక్క మాటతో ఆయన మునిసిపల్ ఆఫీసు మీద గెలవడం నా వంటింటి మెట్ల మీద నిలబడి, ఈ రెండు కళ్ళతో చూశాను.

ఆయన ఇంటికీ నా పెరటికీ మధ్య ఆయన కారు పందిరి ఉంది. నాలుగు స్తంభాలు, పైన రేకు, అంతే. మా మిసిసిపీ ఎండల్లో ఇంట్లో కూర్చునేదెవరు? పెళ్ళి మాటలైనా చావు మాటలైనా కారు పందిరి కిందే. అలాంటి పందిరికి లెమ్యూల్ నా వైపు పక్కన చెక్కలు కొట్టడం మొదలుపెట్టాడు. నడుమెత్తు లేచేసరికి ఆఫీసు నుంచి ప్రూయిట్ అనే అబ్బాయి మెడలో బిళ్ళ వేలాడేసుకుని దిగాడు.

"పెద్దాయనా, సరిహద్దుకి ఇంత దగ్గరగా గోడ కట్టకూడదండీ."

"గోడెక్కడుంది?"

"మరి ఇదేంటి?"

"ఇది గోడ కాదు."

ప్రూయిట్ వేలితో తట్టి చూశాడు. "గోడేనండీ. పక్కలు తెరిచి ఉంటే పందిరి, మూస్తే గది. ఇక్కడ గది కట్టకూడదు."

"గదికి గోడలెన్ని, బాబూ?"

"నాలుగు."

"ఇక్కడెన్ని?"

"ఒకటి."

"ఒక్క కాలున్నదాన్ని మీ ఆఫీసులో కుర్చీ అంటారా?"

"అదిగో, ఒక గోడ ఉందని మీరే ఒప్పుకున్నారు!"

"నువ్వన్నావు, నేననలేదు. గోడన్నాక ఏదో ఒకటి మొయ్యాలి. కప్పుని స్తంభాలు మోస్తున్నాయి. ఇదేం మోస్తోంది? ఊరికే నిలబడి ఉంది, నీలాగా."

నాకు నవ్వాగక ఏప్రన్ నోట్లో కుక్కుకున్నాను. ఆ అబ్బాయి చెమట తుడుచుకుని, లెమ్యూల్ ఇచ్చిన చల్లటి తీపి టీ తాగి, "పందిరి పక్కన కొన్ని చెక్కలు నిలబడి ఉన్నాయి" అని రాసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఈ మనిషితో వేగడం అంత తేలిక కాదు. చేతికర్ర పట్టుకుని నడుస్తుంటే, "కర్ర వచ్చేసిందే, బ్రదర్ లెమ్యూల్" అన్నాను ఒకసారి. "కర్ర కాదు, సిస్టర్ వెర్డెల్. షికారుకి నేనూ వస్తానంటే వెంట తెచ్చాను" అన్నాడు. వేయించిన చేపలు ఇంకో రెండు వెయ్యనా అంటే, "ఇంకో రెండు కాదు. ముందు వెళ్ళినవాటికి తోడు." చర్చిలో మొదటి వరసలో కూర్చుని గురక పెట్టాడు. పాస్టరు గారు నిలదీస్తే, "నిద్ర కాదండీ. మీ వాక్యం బయటికి పోకుండా కళ్ళకి మూత పెట్టాను" అన్నాడు. పాస్టరు గారు పొంగిపోయి ఆయన చేత కానుకల పళ్ళెం పట్టించారు. నేనే పాస్టరునైతే ఆ పళ్ళెం నెత్తి మీద మోగించేదాన్ని.

ఆయన భార్య ఒజెల్లా నా ప్రాణస్నేహితురాలు. ఆ కారు పందిరి కిందే ఇద్దరం ఒళ్ళో గిన్నెలు పెట్టుకుని బఠాణీలు వలుస్తూ ఊరందరినీ వలిచేవాళ్ళం. అలాంటిది నిరుడు ఎండాకాలం నుంచి మాటలు దాని చేతుల్లోంచి జారడం మొదలుపెట్టాయి. ముందు గిన్నె పేరు పోయింది, తర్వాత మనుషుల పేర్లు. ఒకరోజు నన్ను చూసి, "ఎవరి తాలూకమ్మా మీరు?" అని మర్యాదగా అడిగింది. అంత మర్యాద మా మధ్య ఎన్నడూ లేదు. ఇంటికొచ్చి ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

పొద్దు వాలితే చాలు, ఒజెల్లా చేతిసంచీ తగిలించుకుని లేచేది. "ఆలస్యమైపోయింది. అమ్మ కోప్పడుతుంది. ఇంటికి పోతున్నాను." ఇల్లంటే ఇసుకవాగు అవతల వాళ్ళమ్మ ఇల్లు. ఆ ఇల్లెప్పుడో పోయింది, ఇప్పుడక్కడ సోయా చేలు. అయినా ఒజెల్లా బయల్దేరేది. హైవే మీద లారీల మధ్య నడుస్తుంటే ఎవరో పట్టుకుని తెచ్చారు. తర్వాత మళ్ళీ తెచ్చారు.

క్లినిక్ నర్సు వచ్చి, "లెమ్యూల్ గారూ, ఇది మతిమరుపు జబ్బు" అంది.

"జబ్బు కాదు."

"మరేంటి?"

"పుట్టింటికి వెళ్ళాలనుంది. ఏ ఆడపిల్లకి ఉండదు?"

"ఇంకొక్కసారి రోడ్డెక్కితే తాళాలేసే చోటికి పంపక తప్పదండీ. అక్కడైతే క్షేమంగా ఉంటారు."

లెమ్యూల్ నోరు తెరిచాడు. "అది కాదు" అంటాడని చూశాను. అనలేదు. నోరు మూసుకుని టోపీ అంచు సవరించుకున్నాడు. ఆ వారంలోనే చెక్కలు కొట్టడం మొదలుపెట్టాడు.

మరి నాకు ఒళ్ళు మండదూ? ఒజెల్లా నా ఇంటికొచ్చే దారి ఆ పక్కే. దాన్ని మూసేస్తే ఇక మిగిలేదేంటి? ఒజెల్లాని దొడ్లో ఆవులా కట్టేస్తున్నాడనుకున్నాను.

"జైలు కడుతున్నావా?" అన్నాను.

"జైలు కాదు."

"షెడ్డు నిండా కొత్త చెక్కలున్నాయిగా. ఈ పుచ్చిపోయిన పాత చెక్కలేంటి? ఏ కోళ్ళగూడు పీకావు?"

"పుచ్చినవి కాదు. అనుభవం ఉన్నవి."

రెండు రోజులాగి చూస్తే ఆ చెక్కల మధ్య ఒక కిటికీ! గది లేదు, తలుపు లేదు, మిగతా మూడు పక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి, కిటికీ మాత్రం ఉంది. దానికి నీలం రంగు. పిండి సంచీ గుడ్డతో తెర.

"ఈ కిటికీ ఎందుకయ్యా? గాలి రావట్లేదా?"

"కిటికీ కాదు, సిస్టర్."

"దయ్యాలు రాకుండా మా నాయనమ్మ కాలంలో పూసేవారు ఆ నీలం. నీ ఇంటికి దయ్యాలు కూడా రావు, నీతో వాదించలేక!"

ఆయన నవ్వలేదు. రంగు ఇంకొంచెం లేతగా ఉండాలా అని నన్నడిగాడు. నేనెందుకు చెప్తాను? తలుపు ధడాలున వేసుకున్నాను.

ఒక సాయంత్రం వంటింటి మెట్ల మీద ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. ఒజెల్లా చేతిసంచీతో లేచింది. లెమ్యూల్ ఆపలేదు. పాత కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"నువ్వెవరు? మా నాన్న పంపిన డ్రైవరువా?" అంది ఒజెల్లా.

ఇప్పుడంటాడు చూడు, అనుకున్నాను.

"అవునండమ్మా" అన్నాడు లెమ్యూల్.

"నిన్న వచ్చిన పాస్టరు గారు నువ్వేగా?"

"అవునండమ్మా. నేనే."

నా చేతిలో ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది. ఊళ్ళో ఏ పేరునీ ఒప్పుకోని మనిషి, ఆమె ఏ పేరు పెడితే ఆ పేరుకి తల వంచుతున్నాడు. మొగుడన్న ఒక్క పేరూ ఆమె పెట్టడం లేదు. దాని కోసమే కాచుకున్నట్టు కాసేపు తలుపు పట్టుకుని నిలబడి, తర్వాత మెల్లగా వేశాడు. కారు వెళ్ళిపోయింది.

పత్తి మిల్లు చుట్టూ తిరిగి ఉంటారు. పొద్దు వాలి వెలుగు నారింజ రంగుకి వచ్చేసరికి నా పెరట్లో పరపరా చప్పుడు. చూద్దును కదా, వెనక సందులోంచి ఆ కారు నా ఆకుకూర మడిని తొక్కుకుంటూ వస్తోంది! నా చేత్తో పెంచిన మడి! చీపురు అందుకుని పరుగెత్తాను. కారుకీ ఆ చెక్కలకీ మధ్య నిలబడి గొంతెత్తాను.

"ఎక్కడ తిరిగొస్తున్నారు ఇంత పొద్దుపోయాక? కళ్ళు నెత్తి మీదున్నాయా? ఇంటికి రావడానికి ఇదా దారి? ఒక్కరికైనా బుద్ధుందా అంట!"

లెమ్యూల్ చెయ్యెత్తాడు, ఆగమని కాబోలు. అప్పుడే అవతలి తలుపు తెరుచుకుంది. ఒజెల్లా దిగింది. తల వంచుకుని, సంచీ గుండెలకి హత్తుకుని, చిన్నపిల్లలా నా ముందుకొచ్చి నిలబడింది.

"తప్పయిపోయిందమ్మా. ఇంకెప్పుడూ ఆలస్యం చెయ్యను."

నా చీపురు కిందికి దిగిపోయింది. వెనక్కి తిరిగి చూశాను. నా వైపు నుంచి, ఆ వెలుగులో, అవి పందిరి పక్కన కొట్టిన చెక్కలు కావు. రంగు వెయ్యని పాత చెక్కల ఇల్లు, నీలం కిటికీ, పిండి సంచీ తెర. పెళ్ళికాని రోజుల్లో ఒజెల్లాతో ఒకసారి వెళ్ళాను నేను ఆ ఇంటికి. లెమ్యూల్ కట్టింది ఇసుకవాగు అవతల ఇల్లు. నేనేమో కోళ్ళగూడన్నాను.

"వెళ్ళు, చేతులు కడుక్కో" అన్నాను. ఒజెల్లా సరేనంటూ పందిరి కిందికి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. చేతిసంచీ తనంతట తానే నేల మీద పెట్టింది. ఇన్ని నెలల తర్వాత నన్ను ఎవరో ఒకరిగా గుర్తుపట్టింది. వాళ్ళమ్మనైతేనేం!

మర్నాడు పొద్దున్నే లెమ్యూల్ నా మెట్ల దగ్గరికొచ్చాడు, టోపీ ఒక చేతిలో, ఆకుకూర నారు ఒక చేతిలో.

"క్షమాపణ అడగడానికొచ్చావా?"

"క్షమాపణ కాదు. నారు." నారు మెట్టు మీద పెట్టాడు. "ఇన్నాళ్ళూ సందులోనే కారు ఆపేవాణ్ణి. కిటికీ చూసి 'మా ఇల్లే' అనేది. అంతలోనే 'అమ్మ లేదు, ఇది మాది కాదు' అని దిగేది కాదు. దగ్గరికెళ్తే దిగుతుందేమోనని నిన్న నీ మడి తొక్కాను. రాత్రి హాయిగా నిద్రపోయింది, సిస్టర్."

"అయితే ఇప్పుడేం కావాలి?"

"రోజూ పొద్దు వాలే వేళకి ఆ కిటికీ వెనక నిలబడు. మేం రాగానే తిట్టు. మెత్తగా తిట్టకు, వాళ్ళమ్మ మెత్తని మనిషి కాదు, అది నమ్మదు. నన్నూ కలిపి తిట్టు, ఎంత తిట్టినా పడతాను. చివర్లో మాత్రం, రొట్టె చల్లారిపోతోంది, లోపలికి రమ్మని పిలువు."