పటంలో గీయని బావి

మా ముత్తాత రుద్రవరం దారిలోని ఏడు ఊళ్లకు పెద్ద. ఆయన అరుగు మీదికి రాకుండా ఆ ఊళ్లలో గట్టు తగాదా ఒక్కటి కూడా తెగేది కాదని చెప్పుకునేవారు. మా తాత మునసబు. మా నాయన కూడా మునసబే, ప్రభుత్వం ఆ పదవులు తీసేసేదాకా. కరువు ఏడాది మా ముత్తాత ఊరి బయట దిగుడుబావి తవ్వించి, నాపరాతి మెట్లు కట్టించి, ఆళ్లగడ్డ శిల్పులతో రాతి మీద తన పేరు చెక్కించి పైమెట్టు పక్కన నాటించాడు. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. చెప్పబోయేది ఆ బావి సంగతే కనుక దాని పుట్టుక ముందు చెప్పడం న్యాయం.

మొన్న మా తమ్ముడి మనవరాలు ఫోన్లో ఒక ఫోటో పంపింది. వైద్యం చదువుతోంది ఆ పిల్ల. ఏదో వైద్య సదస్సులో పోస్టరు పెడితే గుర్తింపు వచ్చిందట, తనంత ఎత్తున్న రంగుల పోస్టరు పక్కన నిలబడి పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. దాని వెంటే ఒక మాట: "తాతా, నీకు కూడా నంద్యాలలో పోస్టరుకు సర్టిఫికెట్ వచ్చినాదంట గదా, జేజి చెప్పింది. ఫోటో తీసి పంపు, మావాళ్లకు చూపిస్తా." జేజి అంటే నా మరదలు. ఆమెను ఈ సంగతులు ఎవరడిగారో నాకు తెలియదు.

ఎనభైల నడుమ సంగతి అది. కర్నూలులో వైద్యం చదువు ముగించుకుని ఆళ్లగడ్డ దగ్గర ప్రభుత్వ ఆసుపత్రిలో కొత్తగా చేరాను. నాతోపాటు చేరిన ఇంకో డాక్టరు నంద్యాల మిషన్ బడి అయివారి కొడుకు. ఇద్దరికీ ఒకే వయసు, ఒకే గది. మా ఇంటి సంగతి తెలుసు కనుక నన్ను "దొరా" అని ఎగతాళి చేసేవాడు, కోపం వస్తే మాత్రం "అప్పా" అనేవాడు.

ఆ రోజుల్లో మా వైపు నారికురుపు అంటే తెలియని ఇల్లు లేదు. నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, కాలి మీద బొబ్బ లేచి, చితికి, అందులోంచి తెల్లని దారంలాంటి పురుగు తల బయటపెట్టేది, దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత చొప్పున లాగాలి, తెగిందా కాలంతా వాచిపోతుంది. పుండు ఉన్న కాలితో దిగుడుబావిలో దిగితే పురుగు తన పిల్లల్ని నీళ్లలో వదులుతుంది, ఆ నీళ్లు తాగినవాడికి దాదాపు ఏడాదికి నారి వస్తుంది. కాలు నీళ్లలో పెట్టనీయకుండా మెట్లు మూసేసి, గట్టు కట్టి, గిలక పెట్టి చేదుకునేలా చేస్తే చాలు, రోగం దానంతటదే పోతుంది. మందుతో పనే లేదు. అయితే ఏ ఊళ్లో ఏ బావి మూయాలో ముందు తెలియాలి.

అదే పనిగా పెట్టుకున్నాం. ఆసుపత్రి పని ముగిశాక సైకిళ్ల మీద ఊరూరా తిరిగి, ఎవరికి నారి వచ్చింది, ఏ బావి నీళ్లు తాగుతారు అని ఇంటింటా అడిగి రాసుకున్నాం. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దానికే పోయాయి. అంతలో నంద్యాలలో డాక్టర్ల సదస్సు జరుగుతుందని, కొత్తగా చేరినవాళ్లు తాము చేసిన పరిశీలనను పోస్టరుగా గీసి పెట్టవచ్చని, అందులో మూడింటిని ఎంచి వేదిక మీద గుర్తింపు పత్రం ఇస్తారని తెలిసింది. పత్రం కంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఎంచిన పోస్టర్లను పై కార్యాలయానికి పంపుతారట. అంటే మాది ఎంపికైతే మా పటం చూసే బావుల మెట్లు మూయిస్తారు.

డ్రాయింగ్ షీట్లు నాలుగు కలిపి మైదా జిగురుతో అట్టకు అంటించాం. బావికొక నీలం సున్నా. రోగికొక ఎర్రచుక్క పెట్టాలంటే ఇంకు పాకుతోందని, నా సహచరుడు నంద్యాల బజారులో ఆడవాళ్లు పెట్టుకునే స్టిక్కరు బొట్ల అట్టలు కట్టలుగా కొనుక్కొచ్చాడు. అంగడివాడు "ఎంతమందప్పా నీకు పెండ్లాలు?" అన్నాడట. నా చేతిరాత, గీత బాగుంటాయని పటం తుదిప్రతి గీసే పని నాకు వదిలాడు. అది గీయడానికి సెలవు పెట్టి మా ఊరు వెళ్లాను.

బొట్లు అంటిస్తూ పోతుంటే అన్నిటికంటే దట్టంగా ఎర్రబడింది మా ఊరే. మధ్యలో ఉన్నది మా ముత్తాత బావి. నాకిది ముందే తెలుసు, రాసుకున్నది నేనే కదా. తెలియడం వేరు, కళ్లముందు అంత ఎర్రగా కనిపించడం వేరు. ఇంకో మాట కూడా చెప్పాలి. మా ఇంట్లో ఎవరూ ఆ బావి నీళ్లు తాగలేదు. మాకు పెరట్లో గిలకబావి ఉండేది. అది ధర్మానికి తవ్వించిన బావి, ధర్మం పుచ్చుకునేవాళ్లకే.

నీలం ఇంకులో కుంచె ముంచి సున్నా చుట్టబోతుంటే నాయన వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఆ బొట్లన్నీ ఏంది?"

"నారి వచ్చినోళ్లు నాయనా."

"అయితే ఆడ తాత బావి గీస్తాండావా?"

కుంచె ఇంకు బుడ్డి అంచుకు ఆనించి పట్టుకున్నాను.

"మునసబుగిరీ పోయె. చేను సగం పోయె. ఆ రాయి మీద పేరొక్కటి మిగిలిండాది. దాన్నీ నీ చేత్తోనే తుడవాలనుంటే గీసుకో." అని కట్టె ఊనుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

అరవలేదు, వద్దనీ అనలేదు. అరిచి ఉంటే మొండికేసి గీసేవాడినేమో. కుంచె కడిగి పెట్టేశాను. బొట్టు ఒక్కటి కూడా పీకలేదు, రోగుల్ని దాచలేదు కదా, ఒక్క సున్నాయే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మా వంశంలో అబద్ధమాడిన వాడు లేడని మా నాయన తరచూ అనేవాడు. నేనూ ఆడలేదు, గీయలేదంతే. ఈ తెలివి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సదస్సు ఒక కల్యాణమండపంలో జరిగింది. గోడ పొడుగునా పోస్టర్లు వేలాడదీశాం. నా సహచరుడు రెండడుగులు వెనక్కి వేసి మురిపెంగా చూస్తూ చూస్తూ ఆగిపోయాడు.

"మీ ఊరి బావి యాడప్పా?"

"గీయలేదు."

"మర్చిపోయినావా?"

"లేదు."

"ఇన్ని బొట్లు గాలి తాగి వచ్చినాయా?"

ఆయన గొంతు తగ్గించి అన్నాడు: "నేను చెప్పను. నీ ఊరు, నీ తాత, నువ్వే చెప్పల్ల. సాయంత్రం దాకా టైముండాది. అంతవరకూ నా పేరు దీని మీద వద్దు." తెల్లకాగితం ముక్క చించి, తన పేరు మీద అంటించి, ఆసుపత్రి డ్యూటీ ఉందని బస్సెక్కి వెళ్లిపోయాడు.

అలా రోజంతా గాజులమ్మేవాడిలా ఆ అట్ట పక్కన నిలబడ్డాను. మా ఇంట్లో మా ముందు ఇతరులు నిలబడేవారు, నిలబడి పిలిచి చూపించుకోవడం నాకదే మొదలు. ఎవరైనా ఒక్కరు అడిగితే చెప్పేద్దామనుకున్నాను, అడగనిదే చెప్పడానికి నోరు రాలేదు. ఎంపిక చేసే పెద్ద డాక్టర్లు ముగ్గురు వచ్చారు. ఒకాయన "ఇది పటమా, పేరంటమా?" అని నవ్వాడు. ఇంకొకాయన కళ్లజోడు సవరించుకుని, పటంలో గీసిన ఏరు వెంట వేలితో వచ్చి, సరిగ్గా మా ఊరి మీద, ఎర్రబొట్ల నడుమ ఉన్న తెల్లటి ఖాళీలో వేలు ఆనించాడు. ఆయన తలెత్తి, "షీటు ఎక్కడా ముడత పడలేదే, ఏం జిగురు వాడారు?" అన్నాడు. మైదా ఉడకబెట్టామండీ అని చెప్పాను.

సాయంత్రం నా పేరు పిలిచారు. మునసబు గారి అబ్బాయి అని కూడా వేదిక మీద అన్నారు. ఆళ్లగడ్డ బస్సులో వచ్చి ముందు వరసలో పాతకోటు వేసుకుని కూర్చున్న మా నాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన ఇంకొకరి కోసం నిలబడటం నేనంతకు ముందు చూడలేదు.

పటం పై కార్యాలయానికి వెళ్లింది. సున్నా చుట్టిన బావులన్నిటికీ ఆ ఏడాదే మెట్లు మూయించారు. మా బావి ఒక్కటే మిగిలింది. పాణ్యం వైపు బదిలీ అయిన నా సహచరుడు, నేను నోరు విప్పలేదని తెలిసి, కార్యాలయానికి తనే ఉత్తరం రాశాడట. గుర్తింపు పొందిన పటంలో అలాంటి బావి ఏదీ లేదని జవాబు వచ్చింది. ఆ జవాబును కవరులో పెట్టి నాకు పంపాడు, తన మాట ఒక్కటి కూడా రాయకుండా. ఆ తర్వాత నాకెప్పుడూ రాయలేదు. నేనూ రాయలేదు, ఏ ముఖంతో రాసేది?

ఆ కవరు అందాక కూడా, సిగ్గులేకుండా చెబుతున్నాను, నాయన ముఖం చూసి ఊరకున్నాను. మరుసటి ఎండాకాలం మా ఇంటికి పాలు పోసే ఆమె కుంటుకుంటూ ఆసుపత్రికి వచ్చింది. రెండు కాళ్లకూ నారి. పుల్లలు రెండూ పసుపు గుడ్డతో కట్టుకుంది. నేను కట్టు విప్పుతుంటే నా నెత్తిమీదుగా అంది:

"ఇంటింటికీ తిరిగి రాసుకున్నేది నువ్వే గదప్పా. అన్ని బావులూ మూసినారు, మీది మూయలే. పెద్దోళ్ల బావి గదా, మంచిదని ఇడిచిపెట్టినారనుకున్యాం. పక్క పల్లెల్లో గిలకల కాడ నీళ్లు చేదుకోలేక ఆ ఊర్లోళ్లు గూడా మన బావికే వచ్చినారు."

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే నమ్మింది. ఎత్తిపొడిచి ఉంటే ఓర్చుకునేవాడిని.

ఆ రోజే కార్యాలయానికి వెళ్లి పటం మీద నా చేత్తో నీలం సున్నా చుట్టి, ముందు గీసింది తప్పని రాసి సంతకం పెట్టాను. నెల తిరగకుండా మా ముత్తాత బావికి గట్టు లేచింది. మేస్త్రీలు పైమెట్టు మూస్తున్న రోజు నాయన అక్కడికి వెళ్లి, రాయి పక్కన నిలబడి పని ముగిసేదాకా చూసి వచ్చాడు. నాతో మాత్రం ఆ సంగతి బతికున్నన్నాళ్లూ ఎత్తలేదు.

ఇప్పుడు నారి లేదు. మా మనవరాలు ఆ రోగాన్ని కంటితో చూడలేదు, పుస్తకంలో నాలుగు వరసలు ఉంటాయట, పరీక్షలో అడగరట. వాళ్ల పటాలు యంత్రం గీస్తుంది, అచ్చు వేసి చుట్టి సంచిలో వేసుకుపోతారు, మైదా ఉడికే వాసన లేదు, వేళ్లకు ఇంకు మరక లేదు. ఆ పోస్టరు పక్కన అంత నిబ్బరంగా నవ్వగలగడం చూస్తే నాకు ఈర్ష్యగా ఉంది. ఎవరైనా వచ్చి వేలు పెట్టి అడిగితే ఆ పిల్ల దగ్గర జవాబు ఉంది కాబోలు. నన్ను అడగలేదు. అడగలేదన్న కోపం ఆ ముగ్గురి మీద ఇన్నేళ్లు పెంచుకున్నాను, అడగకపోతే ఏం, నోరుందిగా నాకు.

సర్టిఫికెట్ దొరకలేదని ఆ పిల్లకు రాశాను. అది ఇనుపపెట్టెలో పైనే ఉంది.

బావిని, దాని చుట్టూ ఉన్న ఎకరాన్ని నాయన పోయిన రెండో ఏట నంద్యాల రైసుమిల్లు యజమాని ఒకాయనకు అమ్మేశాం. రాయి విడిగా కావాలా అని అడిగాడు. దాన్నీ కలిపే ఇచ్చేశాం.