లక్ష్మివారం నాడు ఇల్లు ఖాళీ చేశాం

ఇప్పుడు ఇల్లు మారడమంటే ఫోన్లో ఒక నంబరు నొక్కడమే. నలుగురు కుర్రాళ్లు అట్టపెట్టెలతో దిగి, మన సంసారాన్ని మనకంటే మర్యాదగా చుట్టబెట్టి పట్టుకుపోతారు. మా రోజుల్లో అలా కాదు. (మా రోజులంటే మరీ తాతలనాటివనుకునేరు, అప్పటికే అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి.) బరంపురంలో అద్దెకున్నవాళ్లు ఇల్లు మారాలంటే ముందు పంచాంగం చూడాలి, తర్వాత ఇంటావిడ ముఖం చూడాలి, ఆ రెండూ బాగున్నాక వ్యాను మాట్లాడాలి. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న నేను, జీవితంలో మొదటిసారి ఒక బాధ్యత నెత్తినేసుకుని, ముందు వ్యాను మాట్లాడేశాను.

మా ఇంటావిడ ఒడియా ఆవిడ. నేను మావుసి అని పిలిచేవాణ్ణి, అంటే పిన్ని అని. మా అమ్మ ఆవిణ్ణి ఒడియాలో ‘అపా’ అనేది, అంటే అక్కా అని. ఆవిడ మాత్రం అమ్మని తెలుగులో ‘చెల్లీ’ అనేది. (ఎవరి భాషలో వాళ్లు పిలుచుకుంటే ఎదుటివాళ్లకి మర్యాద తగ్గుతుందనుకునేవారో ఏమో, నాకు ఇప్పటికీ తెలియదు.) ముందు రెండు గదులు ఆవిడవి, వెనక రెండు గదులు మావి, మధ్యలో ఒకటే నడవ, వీధిలోకి ఒకటే గేటు. నేను ఒకటో తరగతిలో ఉండగా చేరాం. అక్కడే మీసాలొచ్చాయి. ఇంతలో సూరత్‌లో పనిచేస్తున్న మావుసి కొడుకు, కడుపుతో ఉన్న పెళ్లాన్ని తీసుకుని వచ్చేస్తున్నానన్నాడు. గదులు కావాలి. ఆ మాట మాతో చెప్పడానికి మావుసికి నోరు రాలేదు. కొడుకే పొలసరలో ఉద్యోగం చేస్తున్న మా నాన్నకి ఫోను చేసి చెప్పాడు. అమ్మకి తగిలింది అక్కడే.

“ఎల్లమంటే ఎల్లమా ఏటి? అద్దెకున్నోళ్లం, ఎప్పుడో అప్పుడు ఎల్లాలి. ఆ ముక్క తనొచ్చి సెప్పకూడదా? పిల్లడి సేత ఫోను సేయించాలా?” అని నా ముందు ఒక్కసారి అని, ఆ తర్వాత ఆవిడతో మాటలు మానేసింది. అమ్మ మానేసిందని సిగ్గుపడి మావుసీ మానేసింది. నడవలో ఎదురుపడితే ఇద్దరూ గోడల కేసి చూసుకుంటూ తప్పుకునేవారు. నాన్న ఫోన్లో నాతో అన్నారు: “సామాన్లదేముందిరా, ఎలాగో ఎల్తాయి. మీ అమ్మ ఇలగే మనసులో పెట్టుకుని ఎల్లిపోయిందంటే మరి ఆ గడప తొక్కదు. అది సూసుకో.” అలాగే నాన్నా అన్నాను. నేను చూసుకున్నది తాళ్లు, గోనెసంచులు, వ్యాను.

అసలు చిక్కు ముహూర్తంతో వచ్చింది. పురోహితుడుగారు వేళ్ల మీద లెక్కేసి, లక్ష్మివారం పొద్దున్న పదిలోపు కొత్తింట్లో పాలు పొంగించమన్నారు. (మా వైపు గురువారాన్ని అలాగే అంటాం.) అది దాటితే ధనుర్మాసం పట్టేస్తుంది, పండగ వెళ్లేదాకా మంచిరోజు లేదు. చూస్తే ఆదివారానికి మావుసి కోడలు దిగుతోంది. మార్గశిర మాసంలో లక్ష్మివారం నాడు కొత్తింట్లో అడుగుపెడితే సాక్షాత్తూ లక్ష్మీదేవి మన వెంట వస్తుందని అమ్మ ముఖం చాలా రోజులకు విచ్చుకుంది. నేను పరుగున వెళ్లి మావుసికి చెప్పాను. ఆవిడ చేతిలో చేట చేతిలోనే ఉండిపోయింది. “గురుబారొ నాడా? మార్గశిర గురుబారొ నాడు నా ఇంట్లోంచి చిటికెడు ఉప్పు కూడా బయటికి పోకూడదు. ఇల్లు మొత్తం ఎత్తుకెల్తే లక్ష్మి మీ ఎనకాలే ఎల్లిపోదేట్రా?”

ఆ మాట తెచ్చి అమ్మకిచ్చాను. “ఎల్లమన్నది తనే కదా. లక్ష్మి సంగతి అప్పుడే సూసుకోవలసింది” అంది అమ్మ. ఇది పట్టుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం లేక, “అమ్మ ఆలోచిస్తానంది” అని చెప్పాను. దేవత ఒకరే, రోజూ ఒకటే. ఒక ఇంటికి ఆవిడ మాతో రావాలి, ఇంకో ఇంట్లోంచి మాతో పోకూడదు. కాలేజీలో నా సబ్జెక్టు లెక్కలే. అయినా ఇది నాకు తేలలేదు.

లక్ష్మివారం తెల్లవారింది. తలుపు తీసి చూస్తే నడవంతా తెల్లగా ఉంది. మావుసి చీకటితోనే లేచి తలంటుకుని, బియ్యప్పిండి నీళ్లతో లక్ష్మి పాదాలు వేసేసింది. గేటు దగ్గర మొదలై, చిన్న చిన్న పాదాలు, అన్నీ లోపలికి నడిచివస్తున్నట్టు, కాలు మోపే చోటు లేకుండా ఉన్నాయి. వ్యానుతో వచ్చిన ఇద్దరు మనుషులు గేటు దగ్గర చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, అక్కడే ఆగిపోయారు. “తొక్కమంటావా బాబూ? మాకూ ఇంట్లో ఆడోళ్లున్నారు” అని బీడీలు ముట్టించారు. నాకు ఒళ్లు మండింది. ఇది పూజ కాదు, ముట్టడి అనుకున్నాను. అమ్మని పిలిచి చూపించాను. అమ్మ గేటు వైపు చూడనే లేదు. నడవ మధ్యలో ఆ పాదాల వరుస రెండుగా చీలింది. ఒకటి మావుసి దేవుడి గది వైపు వెళ్లింది. రెండోది ప్రతి ఏడూ వచ్చినట్టే మా గుమ్మం దాకా వచ్చింది. ఇంట్లో మూటలు కట్టేసి ఉన్నాయని తెలిసీ వేసింది.

“మనింటి దాకా ఏసింది, సూడు” అంది అమ్మ.

“అందుకే కదా మనం కదల్లేకుండా ఉన్నాం!” అన్నాను నేను, తెలివైనవాణ్ణి కనక.

చివరికి దారి చెప్పింది మావుసే. అమ్మ కేసి చూడకుండా, నాతో అంది: “ఎనక గోడ మీంచి ఇయ్యి. అటు నేను పాదాలెయ్యలేదు. లక్ష్మికి ఆ దారి తెలీదు.” అంతే, వ్యాను వెనక సందులోకి వచ్చింది. మంచాలు, గ్యాసు పొయ్యి, ఆవకాయ జాడీలు, చివరికి రుబ్బురోలు కూడా గోడ దూకాయి. ఇనప బీరువా దగ్గర కథ ఆగింది. సగం ఇటు, సగం అటు, గోడ మీద ఊగుతూ కూర్చుంది. అమ్మ ఒక మూల పట్టుకుంది. ఎప్పుడొచ్చిందో, పూజ చీరలోనే మావుసి ఇంకో మూల కింద భుజం పెట్టింది. “అపా, వద్దు, నీ నడుం!” అని అరిచింది అమ్మ. “నా నడుంకేటి కాదు, నువ్వు సెయ్యి తియ్యి, నలిగిపోద్ది!” అని మావుసి అరిచింది. అన్ని రోజుల తర్వాత వాళ్లిద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలవి. “మరి నువ్వే బయటికి పంపిస్తున్నావు కదా మావుసీ” అన్నాను ఊరుకోలేక. “పంపటం లేదు. పడిపోకుండా పట్టుకున్నాను” అంది గంభీరంగా.

సామాను వెళ్లింది. ఇక అమ్మ మిగిలింది. యాభై ఏళ్ల మనిషి, పట్టుచీర కట్టుకుంది, మోకాళ్ల నొప్పులు. గోడ ఎక్కించే మాట నేను ఎత్తగానే ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. మావుసి కాసేపు పాదాల కేసి చూసి, నెమ్మదిగా అంది: “చెల్లీ, నా వైపు తిరిగి ఎనక్కి నడు. నీ పాదాలు లోపలికే సూస్తాయి. ఎల్తున్నట్టు ఉండదు.”

అమ్మ అలాగే నిలబడింది. నేను వెనక నించుని భుజాలు పట్టుకున్నాను. వ్యాను రివర్సు చేయించే క్లీనరులా “రా, రా, కొంచెం ఎడమకి, ఆగు” అంటూ, ముద్రల మధ్య ఖాళీ చూసి ఒక్కో అడుగూ వేయించాను. అవతల గుమ్మంలో నిలబడి మావుసి, అమ్మ వేసే ప్రతి అడుగుకీ “ఆసొ, ఆసొ” అంటోంది. ఒడియాలో రమ్మని. అమ్మ దూరమవుతున్నకొద్దీ ఆవిడ ఇంకా గట్టిగా రా రా అంటోంది. సగం దారిలో ఆ పిలుపు ఆగిపోయింది. అప్పుడు అమ్మ అందుకుంది: “వస్తన్నానపా, వస్తన్నాను.” గేటు తగిలాక ఆగి, అక్కణ్ణుంచే కేకేసింది. “కోడలి పురిటికి పత్యం నానే వండుతాను. పిల్లడి సేత ఫోను సేయించకు. నువ్వే సెయ్యి.”

పాలు వేళకే పొంగాయి. ఆ సాయంత్రం నాన్నకి ఫోను చేసి, ఒక్క పాదం కూడా చెరక్కుండా అమ్మని బయటికి తెచ్చానని గొప్పగా చెప్పాను. అంతా విని, “మరి అప్పుడు మీ అమ్మ మొహం ఎలగుందిరా?” అన్నారాయన. నేను వెనకున్నాను, నా కళ్లు నేల మీదున్నాయి. ఆ ముఖాన్ని చూసింది మావుసి ఒక్కతే. ఆవిడా లేదిప్పుడు, అడుగుదామంటే. అమ్మ భుజాలు పట్టుకుని, వ్యాను వెళ్లిపోతుందేమోనని కంగారుపడుతూ, నేల మీదే చూపు పెట్టి వంగి నడిచిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఒరే, ముద్ర చెరిగితే చెరిగింది, ఒక్కసారి తల ఎత్తరా అని వాడికి చెప్పాలనిపిస్తుంది.