పాసమ్ సంచిలో చెయ్యి

చచ్చిన జంతువు పొట్ట మీది సంచిలో చెయ్యి పెట్టి చూడటం కృష్ణవేణి ఆస్ట్రేలియాలో నేర్చుకుంది. న్యూజిలాండ్‌లో అది మానుకోవాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా చేతికి వినపడేది కాదేమో.

ఆ ఉదయం ఇన్వర్‌కార్గిల్ నుంచి ఓటటారా వైపు కారు నడుపుతోంది. సెప్టెంబరు నెల. అక్కడ పేరుకి వసంతమే కానీ దక్షిణ ధ్రువం వైపు నుంచి కొట్టే గాలికి ఆ కబురు ఇంకా అందలేదు. రోడ్డు పక్కన పిల్లి అంత జంతువొకటి వెల్లకిలా పడి ఉంది. గుబురు తోక, కోసు మూతి, గులాబీ రంగు ముక్కు. పాసమ్. ఏ కారో గుద్దేసి పోయింది.

కృష్ణవేణి కారు పక్కకి తీసి ఆపింది. డిక్కీలోంచి గ్లవ్స్ తీసి తొడుక్కుంది. తోక పట్టుకుని దాన్ని గడ్డిలోకి లాగింది. సంచి నోరు రెండు వేళ్లతో వెడల్పు చేసి చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఇదేదీ ఆలోచించి చేసిన పని కాదు. బస్సు గుడి ముందు నుంచి పోతుంటే చెయ్యి దానంతటదే చెంపల మీదికి పోతుంది చూడండి, అలాంటిది.

లోపల వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం కదిలింది.

ఆమె ఈ విద్య నేర్చింది టూవూంబాలో. క్వీన్స్‌లాండ్‌లోని ఆ ఊళ్లో మొగుడు మధుసూదనరావు కంప్యూటర్ల ఉద్యోగం చేసిన నాలుగేళ్లూ ఆమె జంతువుల్ని కాపాడే వాలంటీర్ల గుంపులో తిరిగింది. ఎందుకు తిరిగిందన్నదాని మీద తెలుగువాళ్ల మధ్య రకరకాల వాదాలుండేవి. పిల్లల్లేరు కాబట్టి అన్నారు కొందరు. కూతురు కీర్తన అప్పటికే బడికి వెళ్తోంది. భూతదయ అన్నారు ఇంకొందరు. వాళ్లే ఆదివారం వచ్చి ఆమె వండిన చేపల పులుసు గిన్నె అడుగు గీకి తిని వెళ్లేవాళ్లు. అసలు కారణం విసుగు. బందరులో జువాలజీ చదివిన మనిషి, డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చుని కిటికీలోంచి ఎదురింటి కంచె చూసీ చూసీ విసిగిపోయింది. బయటికి వెళ్లి ఒక పని పట్టుకుంది. ఆ పనిలో చెయ్యి తిరిగింది. చేతనైన పనిని మనిషి వదులుకోదు. దానికి దయ అని పేరు పెట్టడం చూసేవాళ్ల సౌకర్యం.

అక్కడి పద్ధతులు ఖచ్చితమైనవి. రోడ్డు మీద సంచి జంతువు చచ్చి కనబడితే ఆగాలి. సంచి చూడాలి. పిల్ల చనుమొన పట్టుకుని ఉంటే పీకకూడదు. మొన దగ్గర కత్తిరించి పిల్లని అలాగే తియ్యాలి. చూసేసిన కళేబరం మీద రంగుతో అడ్డగీతలు కొట్టాలి, వెనక వచ్చే ఇంకో వాలంటీరు ఆగి టైము పాడుచేసుకోకుండా. పిల్లకి పేరు పెట్టకూడదు. పెరిగాక ఎక్కడ దొరికిందో ఆ అడవిలోనే వదిలేయాలి.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఇక లాభం లేదన్న ప్రాణిని ఎవరో ఒకరు ముగించాలి. ఆ వేళకి కృష్ణవేణి పాలసీసాలు కడగడానికి వెళ్లిపోయేది. అంత శుభ్రమైన సీసాలు ఆ గుంపులో ఇంకెవరివీ కావు.

తరవాత మధుసూదనరావుకి ఇన్వర్‌కార్గిల్ దగ్గర పాల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఇక్కడ ఆమెకి నోలీన్ దొరికింది. డెబ్భై దాటిన మనిషి, ఒకప్పుడు గొర్రెల ఫారంలో పనిచేసింది. ఓటటారాలో ఇంటి వెనక షెడ్డు కట్టుకుని, రెక్క విరిగిన పక్షుల్నీ గూడు జారిన పిల్లల్నీ బాగుచేసి వదులుతుంది. అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవలేక కృష్ణవేణి మొదట్లో ఆంటీ అనేది. "నేను ఎవరి ఆంటీనీ కాదు, నోలీన్ చాలు" అందావిడ. దక్షిణాది యాసలో ప్రతి 'ర'నీ రాయి దొర్లించినట్టు పలికేది. రెండేళ్లలో ఆ షెడ్డులో సగం పని కృష్ణవేణిదే అయింది.

అదే నోలీన్ ఇంటి చుట్టూ అడవిలో పాసమ్‌లకి ట్రాపులు పెట్టేది. ఆ దేశంలో పెట్టనివాళ్లు తక్కువ. బొచ్చు వ్యాపారానికని ఎవరో ఎప్పుడో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలిన జంతువు, దేశమంతా పాకింది. చెట్ల చిగుళ్లు తింటుంది, గూళ్లలో గుడ్లు తింటుంది, పిల్లల్నీ తింటుంది. కాబట్టి రోడ్డు మీద పాసమ్ కనబడితే కారు ఆపేవాళ్లు లేరు, పనిగట్టుకుని గుద్దేవాళ్లున్నారు. టూవూంబాలో ఏ జంతువు కోసం కృష్ణవేణి నిద్ర మానుకుందో సరిగ్గా ఆ జంతువు.

పిల్ల ఒంటిమీద నూగు అప్పుడే వస్తోంది. కళ్లు తెరిచి ఎక్కువ కాలం కాలేదు. స్వెట్టర్ లోపల పెట్టుకుని, ఒళ్లు వెచ్చబడింది, షెడ్డుకి రాలేనని నోలీన్‌కి ఫోన్ చేసి, కారు ఇంటివైపు తిప్పింది.

సాయంత్రం మధుసూదనరావు ఇల్లంతా వెతికాడు.

"వేణీ, నా మంకీ క్యాప్ ఏదే?"

"ఇంకోటి తెచ్చుకోండి."

"అదేమైంది?"

"అందులో ఒకళ్లున్నారు."

వేడినీళ్ల ట్యాంకు చుట్టూ కట్టిన చెక్క అల్మారా అక్కడ ప్రతి పాత ఇంట్లోనూ ఉంటుంది. తువ్వాళ్లు ఆరేసుకుంటారు. వీళ్లింట్లో మాత్రం అది చలికి బిగుసుకుపోయిన పక్షులకి ఆస్పత్రి. నోలీన్ షెడ్డులో అంత వెచ్చటి చోటు లేదు కాబట్టి మరీ నీరసించినవి ఇక్కడికే వచ్చేవి. మధుసూదనరావు తలుపు తెరిచి టోపీలోకి తొంగిచూశాడు.

"దీనికి ముక్కుందేంటి, మీసాలున్నాయేంటి?"

"పక్షి కాదండీ."

"తెలుస్తూనే ఉంది! మతి ఉండే చేశావా? అనుమతి లేకుండా ఇది ఇంట్లో ఉండటమే ఇక్కడ నేరం. మన రెసిడెన్సీ అప్లికేషన్ ఇంకా ఇమిగ్రేషన్ వాళ్ల బల్ల మీదే ఉంది. ఎవడన్నా అడిగితే ఏం చెప్పను, మా ఆవిడ ఎలకని పెంచుతోందనా?"

"ఎలక కాదు."

"అదేనే నా ఏడుపు. ఎలకైతే ఎవడూ పట్టించుకోడు." గొంతు తగ్గించి అడిగాడు. "సరే, పెంచుతావ్. పెద్దయ్యాక ఎక్కడ వదుల్తావ్?"

కృష్ణవేణి సీసాలోకి లాక్టోజ్ లేని పాలు పోస్తూ ఉండిపోయింది. టూవూంబాలో ఆ ప్రశ్నే లేదు. బతుకుతుందా లేదా అన్నదొక్కటే అక్కడి బెంగ. బతికితే దానికి అడవి ఉంది. ఇక్కడ ఉన్న అడవి నోలీన్‌ది, ఆ చెట్ల మీదే కెరెరూ గూళ్లు. కెరెరూ అంటే తెల్లటి రొమ్ము, ఆకుపచ్చ మెడ ఉన్న పెద్ద అడవి పావురం. ఒక్క గుడ్డు పెడుతుంది. నిరుడు ఒక గూటి కింద పెంకులు ఏరింది కృష్ణవేణే. మరి ఎక్కడ వదలాలి? ఏమో. ముందు బతకనీ, అనుకుంది. మొండితనానికి అది పాత పేరు.

కీర్తన చూసి గంతులేసింది.

"మామ్, సో క్యూట్! కానీ... మా స్కూల్ హంట్‌లో చంపేది వీటినే కదా?"

"ఏం హంట్?"

"ఫండ్‌రైజింగ్‌కి. చంపినవాటికి డ్రెస్ వేస్తారు, బెస్ట్ డ్రెస్‌కి ప్రైజ్. లాస్ట్ ఇయర్ నువ్వే కదా నా పింక్ ఫ్రాక్ ఇచ్చావ్, రూబీ వాళ్ల పాసమ్‌కి."

బొమ్మకనుకుని ఇచ్చింది. ఏ బొమ్మకని అడగలేదు.

వారం గడిచేసరికి పిల్ల కాస్త నిండింది. పాలసీసా కనబడగానే టోపీలోంచి రెండు చేతులూ బయటికి చాచేది. నోలీన్ ఎప్పుడు వచ్చి అల్మారా తెరుస్తుందోనని కృష్ణవేణికి గుండెల్లో రాయి. షెడ్డుకి వెళ్లేముందు చేతులు సబ్బుతో తోమి తోమి కడుక్కునేది. ఆ ఊళ్లో ఆమెకి తనదంటూ ఉన్న చోటు ఆ షెడ్డొక్కటే. దాన్ని పోగొట్టుకోనూలేదు, ఈ పిల్లని చంపుకోనూలేదు. పక్కవీధి రాజ్యం ఆంటీ కాఫీకి వచ్చినప్పుడు సంగతంతా చెప్పేసింది. రాజ్యం కళ్లొత్తుకుంది.

"నోరులేని జీవం! ఎంత పుణ్యం కట్టుకున్నావే అమ్మాయ్. చీమనైనా తొక్కకూడదంటాను నేను."

"అయితే కొన్నాళ్లు మీ గ్యారేజీలో ఉంచండి ఆంటీ. పాలు నేనే వచ్చి పడతాను."

"మా గ్యారేజీలోనా?" రాజ్యం కప్పు కింద పెట్టింది. "అంకుల్‌కి ఆస్త్మా కదే."

"ఎప్పట్నించి?"

"ఈ చలికి ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు!"

అక్టోబరులో గాలివాన వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం నోలీన్ తలుపు కొట్టకుండానే లోపలికొచ్చింది. కోటు లోపల రెండు చేతులూ పొట్టకి అదుముకుని ఉంది. "గూడు పడిపోయింది వేణీ. కెరెరూ పిల్ల. చల్లబడిపోయింది" అంటూ నేరుగా అల్మారా దగ్గరికి నడిచి మోచేత్తో తలుపు లాగింది. వంటింట్లోంచి కృష్ణవేణి పరుగున వచ్చేసరికే ఆలస్యమైంది. పాలసీసా అనుకుందో ఏమో, టోపీలోంచి రెండు చిన్న చేతులు బయటికి చాచుకుని ఉన్నాయి.

నోలీన్ పసుపుపచ్చటి నూగుతో వికారంగా ఉన్న పావురం పిల్లని పై అరలో తువ్వాళ్ల మధ్య పెట్టింది. తరవాత టోపీ చేతిలోకి తీసుకుని పాసమ్ పిల్లని తిప్పి చూసింది. పొట్ట నొక్కింది, పళ్లు చూసింది.

"ఎప్పట్నించి?"

"జ్వరమని ఫోన్ చేసిన రోజు నుంచి."

"పెద్ద జ్వరమే." ఇంకాసేపు చూసి, "బాగా పెంచావ్" అంది. వెటకారం కాదు. పని తెలిసినవాళ్లు పని చూసి అనే మాట.

"అది చచ్చిన తల్లి సంచిలో ఉంది నోలీన్. నేను చెయ్యి పెట్టి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను."

"నేనూ చూస్తాను."

కృష్ణవేణికి అర్థం కాలేదు.

"నా ట్రాపులో ఆడది పడ్డ ప్రతిసారీ సంచిలో చెయ్యి పెడతాను. తల్లి చచ్చినా పిల్ల లోపల బతికే ఉంటుంది. చలికీ ఆకలికీ చావడానికి చాలాసేపు పడుతుంది. అలా వదిలేసి పోయేవాళ్లు చాలామందే ఉన్నారు. పక్షుల్ని కాపాడుతున్నాం అని కార్ల మీద స్టిక్కర్లు కూడా అంటిస్తారు." నోలీన్ టోపీ తిరిగి ఆమె చేతిలో పెట్టింది. "దీన్ని వదలడానికి చోటు లేదు. బోనులో పెట్టి దాచలేవు, వాసనకే పట్టుబడతావ్. వెట్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే చావుసూదేస్తాడు. లేదా నేనే చేస్తాను, క్షణం పట్టదు. నువ్వెళ్లి గిన్నెలు కడుక్కో, ఎప్పటిలాగే."

ఆ చివరి మాటలో ద్వేషం లేదు. రెండేళ్లుగా షెడ్డులో ఏ పక్షినైనా ముగించవలసి వచ్చినప్పుడల్లా కృష్ణవేణి గిన్నెల దగ్గరికి పోవడం నోలీన్ చూస్తూనే ఉంది. పోనీలే పాపం అనుకుని, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడూ ఆ సౌకర్యమే ఇస్తోంది. అందుకే అది చెంపమీద కొట్టినట్టు తగిలింది.

కృష్ణవేణి టోపీ గుండెకి ఆనించుకుని వంటింట్లోకి వెళ్లింది. సింకులో గిన్నెలున్నాయి కూడా. కుళాయి తిప్పింది. నీళ్లు వేడెక్కేదాకా చూసి, కట్టేసింది. సీసాలో పాలు కలిపి, పిల్ల చాలనేదాకా పట్టింది. ఈసారి మూతి తుడిచింది కూడా.

"నేనే చేస్తాను. ఎక్కడ కొట్టాలో చూపించండి."

నోలీన్ ట్రాపుల దగ్గర వాడే పొట్టి కర్ర కారులోంచి తెచ్చింది. పుర్రె మీద చోటు వేలితో తాకి చూపించింది. "అనుమానిస్తూ కొట్టకు. సగం దెబ్బ అన్నిటికన్నా పాపం" అంది. పెరట్లో బట్టలారేసే తీగ కింద వాన ఇంకా సన్నగా పడుతోంది. పాలతో బరువెక్కి పిల్ల మగతగా ఉంది. ఒక్క దెబ్బే కొట్టింది. అది చాలింది. చేతులు వణకలేదు, అదే ఆమెని చాలాకాలం బాధపెట్టింది.

మధుసూదనరావు ఆ టోపీ సంగతి మళ్లీ ఎత్తలేదు.

పావురం పిల్లని మంచి వెచ్చటి చోటికి, ట్యాంకు పక్కకి దించారు. కృష్ణవేణి మెత్తగా నూరిన పచ్చిబఠానీ గొంతులోకి దింపుతూ దాని దగ్గరే కూర్చుంది. మూడో రోజు పొద్దున్నకి అదీ చచ్చిపోయింది. ఫోన్‌లో చెబితే నోలీన్ "సరే, ఇవాళ షెడ్డుకి రా, పెంగ్విన్‌కి కట్టు మార్చాలి" అంది. ఒకదాన్ని తీసి ఇంకోదానికి చోటిచ్చాం అని చెప్పుకుందామన్నా ఏమీ మిగల్లేదు. కృష్ణవేణి వెళ్లి కట్టు మార్చింది.

మరుసటి ఏడు, దసరా రోజులు. పాలిటెక్నిక్‌లో చదివే తెలుగు పిల్లలు ఊరి బయట హాలొకటి తీసుకుని భోజనాలు పెట్టుకున్నారు. కృష్ణవేణి కారు అక్కడికే పోతోంది. ఒళ్లో పులిహోర గిన్నెతో రాజ్యం ఆంటీ పక్క సీట్లో ఉంది. ఊరు దాటాక రోడ్డు పక్కన పాసమ్ పడి ఉండటం చూసి కృష్ణవేణి కారు ఆపింది.

"మళ్లీనా! పట్టుచీర కట్టుకుని అదేంటే అమ్మాయ్! ఎంత జాలిగుండె తల్లీ నీది!"

"ఒక్క నిమిషం ఆంటీ. మీరు దిగకండి."

డిక్కీలోంచి గ్లవ్స్ తీసింది. పక్కనే ఉన్న పొట్టి కర్ర తీసి కొంగు చాటున పట్టుకుంది. పాసమ్‌ని గడ్డిలోకి లాగి, కారుకి వీపు పెట్టి, చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య దోపుకుని కూర్చుంది. సంచి నోరు రెండు వేళ్లతో వెడల్పు చేసి చెయ్యి పెట్టింది.

లోపల వెచ్చగా ఉంది.

ఒక్క దెబ్బ కొట్టి లేచింది. కర్ర డిక్కీలో పెట్టి, రంగు డబ్బా తీసుకెళ్లి కళేబరం మీద అడ్డగీతలు కొట్టింది. గ్లవ్స్ విప్పి, చేతులు తుడుచుకుని, కారెక్కింది.

"ఏముందే లోపల?"

"ఏం లేదు ఆంటీ."

"మరి ఆ రంగెందుకు?"

"చూసేశామని. వెనక వచ్చేవాళ్లు ఆగక్కర్లేకుండా."

రాజ్యం వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు మీద కార్లు వరసగా వస్తున్నాయి. ఒక్కటీ వేగం తగ్గించలేదు.