మూడోదాంట్ల వెట్టి సూడు

మా లెక్కల సారు పోయారు. మొన్న జనగామ నుంచి వాళ్ల కూతురు ఫోన్ చేసి, "అక్కా, నాయిన పోయిండే" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపటికి ఇద్దరం చిట్యాల రోడ్డు సంగతి తలుచుకుని పడీపడీ నవ్వాం. చావు కబురుకు నవ్వేంటని మీరు అనుకోవచ్చు. ఆయన్ను ఎరిగినవాళ్లు అనుకోరు.

సారు జేబులో పెన్ను ఉండేది కాదు, సుద్దముక్కలు ఉండేవి. చొక్కా ఉతికినప్పుడల్లా జేబు ముద్దయి ఇంట్లో ఆయనకు అక్షింతలు పడేవి. మర్నాడు మళ్లీ సుద్దముక్కలే.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం చేస్తున్న రోజులవి. కాలేజీ మూతబడింది. నేనేమో ఇంటర్ లెక్కల్లో ఒకసారి తప్పి ఉన్నాను. మా తండాలో అంతదాకా చదివిన ఆడపిల్ల లేదు. మా యాడి, అంటే అమ్మ, తేల్చి చెప్పేసింది: "గీసారి తప్పితే బుక్కులు పక్కకు వెట్టు. నాతోని మిర్చి ఏరనీకి రా." ఎక్స్, వై, జెడ్ మూడూ ఒకచోట కనబడితే చాలు, నేను పుస్తకం మూసేసేదాన్ని.

అప్పుడే చిట్యాల రోడ్డు మీద బండ్లు ఆపి, నిరసనగా వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, కిచిడీ, డప్పులు, పాటలు! యాడి గరిటె పట్టింది. సారు నన్ను చూసి, "సదువు గూడ బంద్ వెట్టుమని ఎవరన్నరే? కూసో" అని తారు మీదే సుద్దతో మొదలుపెట్టారు.

మూడు డేగిసాలు, అంటే పెద్ద వంటగిన్నెలు. మొదటిదాంట్లో బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ ఒక్కో సంచి పోస్తే తొమ్మిది కిలోలు. రెండోదాంట్లో బియ్యం రెండు సంచులు, మిగతావి ఒక్కోటి, పద్నాలుగు. మూడోదాంట్లో పప్పు రెండు సంచులు, మిగతావి ఒక్కోటి, పన్నెండు. ఏ సంచి ఎంత?

"రెండోదాంట్లకెళ్లి మొదటిది తీసెయ్. ఏం మిగిలింది?"

"బియ్యం సంచి సార్! ఐదు కిలోలు!"

ఆ ఊపులో, మిగిలిన నాలుగునూ పప్పుకు రెండు, ఉల్లికి రెండు అని పంచేశాను. మొదటి రెండు డేగిసాలకూ సరిపోయింది కూడా. సారు నవ్వారు.

"రెండిట్ల వెట్టి సూసినవ్. మూడోది ఏం పాపం జేసింది బిడ్డా?"

అంతలో పోలీసు వ్యాన్ వచ్చింది. "ఎక్కుండ్రి సార్" అన్నాడు ఎస్సై.

"ఎక్కుత గని, జర ఆగుండ్రి. పిల్లకు పప్పు తేలలె."

ఎస్సై నిజంగానే ఆగాడు. వంగి రోడ్డు మీది లెక్క చూసి, "పప్పు, ఉల్లి రెండూ రెండే కద సార్" అన్నాడు! సారు పకపకా నవ్వుతూనే వ్యాన్ ఎక్కారు. బండి జనాన్నీ పొయ్యిలనూ తప్పించుకుంటూ నత్తలా భూపాలపల్లి వైపు కదిలింది. కిటికీ జాలీలోంచి సారు కేక: "మూడోదాంట్ల వెట్టి సూడు!"

పెట్టాను. పదకొండే వచ్చింది, తప్పు. ఈసారి మూడోదాంట్లోంచి మొదటిది తీశాను. పప్పు మూడు! ఉల్లి ఒకటి! చుట్టూ జనం సుద్ద గీతలు తొక్కకుండా యాడి గరిటె అడ్డం పెట్టి నిలబడింది. మూడింట్లోనూ పెట్టి చూసి, వ్యాన్ వెంట పరుగెత్తాను. "సరిపోయింది సార్!" జాలీలోంచి మూడు వేళ్లు బయటికొచ్చి ఊగాయి.

ఆ ఏడు పాసయ్యాను. ఇప్పుడు మానుకోటలో లెక్కలు చెబుతున్నాను. యాడికి మిర్చి ఏరే పని తప్పించాను. ఇదంతా ఆయన పెట్టిన బతుకు.

జనగామలో సారును శ్మశానానికి తీసుకుపోయే బండి కదిలినప్పుడు, "సరిపోయింది సార్" అని గొణిగాను. పక్కనే ఉన్న యాడి నా వీపు తట్టింది.

"గట్టిగ ఒర్రు బిడ్డా. బండి పోతాంది, ఆయినకు ఇనవడాలె."

బండి వెంట పరుగెత్తాను.