మా బడి పెరట్లో విశాఖ రేవు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, జగదల్‌పూర్‌లో చదివిన డిగ్రీ, భుజాన కొత్త హ్యాండ్‌బ్యాగు. మా బస్తరు అడవుల్లోని భోపాల్‌పట్నంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా చేరాను. ప్రపంచ భూగోళమంతా ఆ హ్యాండ్‌బ్యాగులోనే ఉందన్నట్టు నడిచేదాన్ని. నిజానికి అందులో నేను కళ్లతో చూసింది ఇంద్రావతి, గోదావరి, వరంగల్ దాకా బస్సు దారి, అంతే. సముద్రం చూడలేదు. (చూడనిది చెప్పకూడదంటే గ్రహాల పాఠం ఎవరు చెబుతారు?)

ఉద్యోగం మాత్రం గాలిలో దీపం. మా నాన్నది అడవి సరుకు కొట్టు. చింతపండు, ఇప్పపువ్వు, మిరపకాయలు కొంటాడు, అమ్ముతాడు. నన్ను బడికి పంపేముందే తేల్చేశాడు. "పరీక్షల దాకా చూస్త బిడ్డా. వాళ్లు నిన్ను పక్కా చేసిండ్రా, నీ ఇష్టం. చెయ్యలేదా, మాట్లాడకుండ వచ్చి కాంటా కాడ కూసో." కాంటా పక్కన కూర్చుని, మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ జీవితమంతా తూకం వెయ్యడం తలచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. బడి మేనేజరు గారేమో నా గుండెలో ఇంకో రాయి వేశారు. "ఎగ్జిబిషన్ మంచిగ చెయ్యండి మేడం. విద్యాశాఖ నుంచి బీఈఓ సాహెబ్ వస్తుండు. ఆయన ఖుష్ అయితే మీ నౌకరీ పక్కా. లేకుంటే చూద్దాం." ఈ మేనేజరు గారిని పిల్లలు చాటుగా తులసిమాల సారు అనేవారు. మెడలో మాల, నుదుట గంధం. సారా మాట చెవిన పడితే లెంపలు వేసుకునే నిష్ఠ. ఇప్పసారా కాచే వీధి అడ్డమొస్తే ఊరంతా చుట్టి ఇంటికి పోయే మనిషి.

మా అయిదో తరగతికి విశాఖ రేవును ఎంచుకున్నాను. మన బైలాడిలా కొండ ఇనుపరాయి రైలెక్కి, ఘాట్లు దిగి, అక్కడ ఓడెక్కి జపాను దాకా పోతుందని చెప్పినప్పటి నుంచి పిల్లలకు ఆ రేవంటే సొంత మేనమామ ఊరైపోయింది. పెరట్లో బంకమట్టితో సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ కట్టాం. దాని చాటున ఒకప్పుడు బురద, ఉప్పుటేరు ఉండేవని, తవ్వి రేవు చేశారని, ఇసుక కొట్టుకొచ్చి దారి పూడ్చకుండా రెండు పాత ఓడలను కావాలనే ముంచారని వాళ్లకు కథలా చెప్పాను. అక్కడే చిక్కొచ్చింది. బకెట్టు నీళ్లలో వేసి చూస్తే, మేం ముంచాల్సిన రెండు అట్ట ఓడలూ ఎంత నొక్కినా తేలుతున్నాయి, తేలాల్సిన ఇనుపరాయి ఓడేమో రాళ్లు వెయ్యగానే మునుగుతోంది. ఇక సముద్రానికి నాన్న కొట్లో ఇప్పపువ్వు ఆరబోసే టార్పాలిన్ అడిగాను. "సముద్రానికి మన టార్పాలినా? ఏంది బిడ్డా, మీ బడిల ఇంకేం దొరకలేదా?" అని నవ్వి ఇచ్చాడు. దాన్ని బాగా దులిపాను. కడగలేదు. (ఎలాగూ నీళ్లే పోస్తాం కదా!) నాలుగు వైపులా ఇటుకలు పేర్చి, టార్పాలిన్ అంచులు వాటి మీదికి లాగి, బోరు నీళ్లు నింపి, బట్టల నీలిమందు కలిపాం. ఏ లీకులున్నా ముందే తెలుస్తాయని కొన్ని రోజుల ముందే నింపిపెట్టడం నా తెలివి.

మార్చి ఎండలు. ఎగ్జిబిషన్ రోజు పొద్దున్నే గేటు తీసేసరికి పిల్లలు సముద్రం చుట్టూ ముక్కులు మూసుకుని నిలబడి ఉన్నారు. "మేడం, సముద్రం తాగి ఉన్నది!" అంది ఒకమ్మాయి. దగ్గరికి పోయాను. టార్పాలిన్ మడతల్లో ఇరుక్కున్న ఇప్పపువ్వంతా నానింది, నాని పులిసింది. బస్తరులో పుట్టినవాళ్లకు ఆ వాసన ఏదో ఇంకొకరు చెప్పక్కర్లేదు. బంగాళాఖాతం మొత్తం సారాబట్టీ అయి కూర్చుంది. నీళ్లు తోడి మళ్లీ నింపే వేళ లేదు, మోటారుకు కరెంటూ లేదు. ఊదొత్తులు వెలిగించాను. చాల్లేదు. చివరికి మరుగుదొడ్ల దగ్గరి ఫినాయిలు సీసా తెచ్చి సగం పోశాను. నీలి సముద్రం చూస్తుండగానే తెల్లగా విరిగిపోయింది. "మేడం, పాలసముద్రం! విష్ణుమూర్తి ఏడి?" అని ఎగిరారు పిల్లలు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడే బయట జీపు ఆగింది.

తులసిమాల సారు ముందు, బీఈఓ సాహెబు వెనక. సారు రెండడుగులు వేసి ఆగిపోయారు. ముక్కు ఎగబీల్చారు. చెయ్యి మాల మీదికి పోయింది. నా వైపు చూసిన ఆ చూపులో కాంటా, మిరపకాయల బస్తాలు అన్నీ కనిపించాయి. సాహెబు మాత్రం మోడల్ ముందు ఆగి, "యే కహా కా సమందర్ హై?" అన్నారు. "విశాఖపట్నం సర్" అన్నాను. ఆయన తలెత్తి చూసి తెలుగులోకి దిగారు. "మాది విశాఖ పక్కన భీమిలి అమ్మా. నాన్న గనుల్లో పనికొచ్చి ఇక్కడ ఉండిపోయారు. సెలవులన్నీ ఆ ఒడ్డునే గడిచాయి." అయిపోయింది! బస్తరు అంతా గాలించినా సముద్రపు ఒడ్డు అధికారి ఒక్కడు దొరకడం కష్టం. ఆ ఒక్కడూ నా సముద్రం దగ్గరికే రావాలా?

అయినా పాఠం అప్పజెప్పాను. కొండ, ఉప్పుటేరు, మునిగిన ఓడలు. ఆయన మోకాళ్ల మీద చేతులాన్చి, చుట్టూ తిరిగి తూర్పు వైపు ఇటుకల దగ్గర నిలబడ్డారు. "మరి ఇదేంటి?" అన్నారు. సముద్రానికి అటువైపు కూడా గట్టు కట్టేశామని నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆవలి ఒడ్డు లేని నీళ్లు నేను చూస్తే కదా! "అది... ఆవలి ఒడ్డు సర్" అన్నాను. "సముద్రానికా?" "ఎంత దూరమైనా ఎక్కడో ఉండాలి కదా సర్. అటు బర్మా ఉంది కదా." ఆయన వంగి ఆ ఇటుకల మీద చెయ్యి పెట్టారు. "మా తాత ఆ బర్మాలోనే, రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసి, ఓడెక్కి విశాఖలో దిగాడు. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి ఆ రంగూన్ కనిపిస్తుందేమోనని తెగ చూసేవాణ్ణి. ఇన్నేళ్లకి భోపాల్‌పట్నంలో కనిపించింది" అని పకపకా నవ్వారు.

నవ్వు ఆగగానే తులసిమాల సారు అందుకున్నారు. "సాహెబ్, అది సరే. కానీ ఈ బద్‌బూ ఏంది? ఇది... అది కాదు కదా?" పిల్లలంతా మళ్లీ ముక్కులు మూసుకున్నారు. సాహెబు వంగి ఆ తెల్లటి నీళ్లను వాసన చూశారు. ఇక్కడే పెరిగిన మనిషి, ఆయనకు తెలియకుండా ఉంటుందా! నన్ను చూశారు. నేను ఏ దేవుడికి మొక్కానో గుర్తులేదు. "మీరు సముద్రం చూశారా మేనేజరు గారూ?" అన్నారు. "నహీ సాహెబ్." "అయితే చెబుతున్నా వినండి. సముద్రం అచ్చం ఇలాగే వాసన వేస్తుంది. వాసన కూడా తెప్పించిన టీచర్ని నేనెక్కడా చూడలేదు." భీమిలి మనిషి, పైగా సాహెబు, చెప్పాక ఇక ముక్కు మాట ఎవరు వింటారు? సారు చెయ్యి మాల మీదనుంచి దిగింది. ఆ నెల్లోనే నా నౌకరీ పక్కా అయింది. నాన్న టార్పాలిన్ వెనక్కి తీసుకుంటూ, "ఫినాయిలు కంపుకు పువ్వు మొత్తం ఖరాబైతది" అని ఒక్కటే మాట అన్నాడు. ఉద్యోగం పక్కా అయిన సాయంత్రం మాత్రం మిఠాయి పొట్లం తెచ్చాడు.

మరుసటి ఏడు ఆ పిల్లల్ని జగదల్‌పూర్ నుంచి రైల్లో విశాఖ తీసుకెళ్లాం. సారు కూడా వచ్చారు. ఇసుకలోకి దిగగానే నా కళ్లు వాటంతటవే ఆవలి ఒడ్డు కోసం వెతికాయి. ఎంతసేపు చూసినా నీళ్లే. భయం వేసింది, ఎందుకో కన్నీళ్లూ వచ్చాయి. పక్కన సారు కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీలుస్తున్నారు. మళ్లీ పీల్చారు. చిన్నబోయిన ముఖంతో నా వైపు తిరిగి, "మేడం, మన సముద్రం వాసన వస్తలేదు ఏంది?" అన్నారు. నాకు నవ్వాగలేదు. "గాలి అటు వీస్తోంది సార్" అని బర్మా వైపు చెయ్యి చూపించాను. ఆయన నమ్మారు. ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు సముద్రం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు ఉప్పుగాలి గురించి చెబుతాను. నా ముక్కుకు మాత్రం ఇప్పటికీ ఇప్పపువ్వే తగులుతుంది.