గ్రహణం రాత్రి మా జేజి రోకలి

మొన్న గ్రహణం రాత్రి కడప నుంచి మా చెల్లెలు ఫోను చేసి, పడుకోవద్దు, మిద్దె ఎక్కి చంద్రుణ్ణి చూడమని ఒకటే పోరు పెడితే, మోకాళ్లను బతిమాలుకుంటూ మెట్లెక్కాను. ఎదురింటి మిద్దె మీద నిండు నెలల కోడలుపిల్ల, అత్తగారి పక్కనే నిలబడి, బొరుగులు తింటూ చంద్రుణ్ణి ఫోటో తీసుకుంటూ ఉంది. ముచ్చటేసింది గానీ, మా జేజి చూసి ఉంటే ఏమనేదో అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

జేజి అంటే మా నాన్నను కన్న తల్లి. గ్రహణం వస్తోందంటే ఇంటిల్లిపాదినీ హడలెత్తించేది. ఊరగాయ జాడీల మీద గరిక పెట్టడం, పొద్దుండగానే అన్నాలు ముగించడం నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. కమలాపురం దగ్గర మా ఊళ్లో వాటన్నిటికంటే ముఖ్యం రోకలి. పళ్లెంలో నీళ్లు పోసి రోకలిని నిలబెడితే, గ్రహణం ఉన్నంతసేపూ ఎవరూ పట్టుకోకుండానే నిలబడుతుందనీ, విడవగానే పడిపోతుందనీ నమ్మకం. గడియారం లేని మా ఇంట్లో జేజి దానినే చూసుకునేది.

నా చిన్నప్పుడు ఒక ఏడు, గ్రహణం నాటికి మా చిన్నమ్మకు, అంటే చిన్నాయన భార్యకు, నెలలు నిండాయి. అంతకు ముందు ఒక బిడ్డ దక్కలేదు. ఈ బిడ్డకైనా గ్రహణం మొర్రి రాకూడదని జేజి ఆమెను చీకటి గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కదలకూడదు, గోక్కోకూడదు, గుక్కెడు నీళ్లు కూడా తాగకూడదని కట్టడి చేసి, వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాచికి సైతం గోనెపట్ట కప్పించింది.

మిద్దె మీద పడుకున్న నన్ను నాన్న లేపితే బొంతల్లోంచి లేచి చూశాను. చంద్రుడు కొద్దికొద్దిగా తరిగి, చివరికి కాలిన ఇటుక రంగుకు తిరిగాడు. దూరాన ఏటి ఇసుక బూడిదరంగయింది, ఊరంతా కలలో ఉన్నట్టే తోచింది. నేను గవాచి పక్కన బోర్లా పడుకుని, కనబడేదంతా కిందనున్న చిన్నమ్మకు చెబుతూ పోయాను. మొదట్లో ఆశగా అడిగిన మనిషి, రానురాను మాట తగ్గించింది. చివరికి గోనెపట్ట కింద నుంచి సన్నగా వినిపించింది.

“శానా సేపాయ పాపా, బిడ్డ కదిలేది తెలీకుండాది. జేజికి చెప్పు.”

పరుగున దిగి చెప్పాను. జేజి వసారాలో రోకలి ముందు కూర్చుని ఉంది. రోకలి చెక్కుచెదరకుండా నిలబడే ఉంది. దానిని కాసేపు చూసి, కొంగు సర్దుకుని, ఒక్క వేలితో తోసేసింది. పళ్లెం ఖంగుమంది.

“రోకలి పడిపాయ, గ్రహణం ఇడిసిపాయ. లెయ్యి తల్లీ, నీళ్లు తాగు.”

ఆకాశంలో చంద్రుడు ఇంకా ఎర్రగానే ఉన్నాడు. జేజి నా వంక చూసింది, నేను పోయి చెంబుతో నీళ్లు ముంచుకొచ్చాను. చిన్నమ్మ లేచి, నీళ్లు తాగి, పక్కకు ఒత్తిగిలి, కాసేపటికి జేజి చేతిని కడుపు మీదికి లాక్కుని నవ్వింది. నిజంగా గ్రహణం విడిచేదాకా జేజి మాత్రం పడిన రోకలి పక్కనే కూర్చుని దండాలు పెడుతూ ఉంది. కాన్పునాడు మంత్రసాని చేతిలోంచి బిడ్డను అందుకుని, ముందుగా పెదవి చూసి, మొర్రి లేదని తెలిసి, వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ బిడ్డే మొన్న నన్ను మిద్దె ఎక్కించిన చెల్లెలు. ఇప్పుడు పట్టేదీ విడిచేదీ ఫోనే చెబుతుంది, ఏ కోడలికీ కట్టడి లేదు, చాలా మంచిదయింది. కానీ ప్రాణంగా నమ్మినదాన్ని ఇంకొకరి భయం తీర్చడానికి తన చేత్తోనే పడదోసి, ఆ భయమంతా తాను మోసిన అలాంటి మనిషి మాత్రం నాకు మళ్లీ కనబడలేదు.