పుత్తూరు కట్టు విప్పేదాకా

నా నవల వెనక అట్ట మీద ఫోన్ నంబరు వేయించడం నా పొగరు. పాఠకులు పొలోమని ఫోన్లు చేస్తారనుకున్నాను. ఏడాదిలో వచ్చింది ఒకే ఒక్క వాట్సాప్ వాయిస్ మెసేజ్, అదీ తప్పు పట్టడానికి.

"మేడమ్, మాది పూతలపట్టు పక్కన. మీ బుక్కులో ఆ పాపకి సెయ్యి ఇరిగితే పుత్తూరు కట్టు కట్టించినారు కదా, మూడో దినమే తలకి పోసుకునిందని రాసినారు. కట్టు తడిస్తే ఎముక యాడ అతుక్కుంటాది మేడమ్? మా ఇంటామె కాలికి కట్టు కట్టించుకోని ఈడే పండుకోనుండాది. ఒకటే నవ్వతా ఉండాది."

నిజంగానే వెనక ఒకావిడ నవ్వు వినిపించింది. నాకు ఒళ్లు మండింది. తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు పుత్తూరు కట్టు గురించి ఒకరు చెప్పాలా అని ఘాటుగా జవాబు టైపు చేశాను. పంపబోతూ ఆలోచిస్తే, కట్టు కట్టిన మనిషి పక్కన నేను ఏనాడూ కూర్చున్నదాన్ని కాదు. మొత్తం చెరిపేసి, "తప్పు నాదే" అని రాశాను.

ఆయన బెల్లం మండీలో పని మానుకున్న మనిషి. భార్య పశువుల కొట్టంలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఆమెకు చదువు రాదు, కదలకూడదు, టీవీ సీరియళ్లంటే విసుగు. అందుకని ఎవరో ఇచ్చిన నా నవలను రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కో అధ్యాయం పైకి చదివి వినిపిస్తున్నాడట. అప్పటి నుంచి చదవడం కాగానే ఆమె తీర్పు నాకు పంపేవాడు.

"ఆ అత్త అంత మంచిదేం కాదంట మేడమ్. మీరు మొగమాటంతో రాసినారంట."

"సిత్తూరు బస్టాండులో ఆ పాప అంతసేపు ఒక్కతే ఎందుకు కూసునిందంట మేడమ్? బస్సులు శానా ఉంటాయి గదా."

నేను టైపు చేసి జవాబిచ్చేదాన్ని. నా కోసమే రాసుకుంటాను, పాఠకుల కోసం కాదు అని సభల్లో గొప్పగా చెప్పిన మనిషిని, మధ్యాహ్నం రెండు కాకముందే ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. కొళాయికి నీళ్లొస్తున్నా లేవని రోజులున్నాయి. రిటైరయ్యాక నాతో ఎవరికీ పని లేకుండా పోయింది. పాలవాడితో తప్ప రోజంతా మాట ఉండదు. ఆ రెండు నిమిషాల మెసేజ్‌ని రాత్రి అన్నం ఉడికేలోగా నాలుగుసార్లు వినేదాన్ని. అందులో ఆమె దగ్గు, వాళ్ల కోళ్ల అరుపు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఒకరోజు, "ఎముక బాగా అతుక్కుంటా ఉండాదంట మేడమ్, వచ్చే తూరి కట్టు ఇప్పేస్తారంట" అన్నాడు. సంతోషం అని రాసి, దండం పెట్టే బొమ్మ కూడా పంపాను. లోపల మాత్రం ఇంకో నెల పట్టకూడదా అనిపించింది. ఒక మనిషి కాలు త్వరగా బాగవుతోందని బాధపడ్డాను. అది నీచమని నాకు తెలుసు. అయినా అనిపించింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఏమీ రాలేదు. ఐదో రోజు నేనే సిగ్గు విడిచి, ఇంకా మూడు అధ్యాయాలున్నాయి, అసలు కథంతా అక్కడే ఉంది, దయచేసి పూర్తి చేయండి అని రాశాను. సాయంత్రం జవాబు వచ్చింది.

"ఏమీ అనుకోవాకండి మేడమ్. కట్టు ఇప్పేసినారు. కాణిపాకం పోయి మొక్కు తీర్సుకోనొచ్చినాము. ఆమె అప్పుడే కొట్టంలో పనికి దిగేసింది, కూసోమంటే కూసోదు. మిగిలింది వద్దంటా ఉండాది."

దాని వెనకే ఇంకో మెసేజ్ వచ్చింది.

"ఇంకో మాట అడగమనింది. ఇంత బుక్కు యినింది గదా, దాంట్లో ఇద్దరు మనుసులు ఎదురెదురుగా కూసోని అన్నం తినింది ఒక్క తూరి కూడా లేదంట. ఆ యమ్మకి ఇంట్లో ఎవురూ లేరేమో అడుగు అంటా ఉండాది."

నాకు మళ్లీ ఒళ్లు మండింది. అబద్ధమని చూపిద్దామని నవల తీసి మొదటి పేజీ నుంచి తిరగేశాను. పెళ్లి ఉంది, విస్తళ్లు వేయకముందే అధ్యాయం ముగించాను. అత్తాకోడళ్లు ఉన్నారు, ఒకరు తిన్నాక ఒకరు తింటారు. హోటల్లో కూడా ఆ పిల్ల గోడకేసి కూర్చుని ఒక్కతే దోసె తింటుంది. ఇవేవీ నేను కావాలని రాసినవి కావు.

దీపాలు పెట్టే వేళకు ఫోన్ తీసుకుని, ఆమెకు చెప్పండి అంటూ ఒక్క ముక్క టైపు చేసి పంపాను.

"ఎవరూ లేరమ్మా."